గడ్డం మీద ఆరు వెంట్రుకలు

"ఇది నా మొహం కాదు."

ఫొటోని స్టూడియో కౌంటర్ మీద పెట్టి అందా అమ్మాయి. లిఫ్టులు బాగుచేసే కంపెనీ చొక్కా, జేబులో టెస్టర్, వానకి తడిసిన జడ.

ఫొటోలు తీసే అబ్బాయి ఫొటోని ఒకసారి చూశాడు. ఆమెని రెండుసార్లు చూశాడు.

"మీదేనండీ. కొంచెం ఫినిషింగ్ ఇచ్చానంతే."

"గడ్డం మీద ఆరు వెంట్రుకలుండాలి. బుగ్గల మీద మొటిమలుండాలి. ఏవీ?"

"మీ పెద్దమ్మగారు ఫోన్ చేశారండీ. పెళ్ళి సంబంధానికి పంపాలి, శుభ్రంగా చెయ్యి బాబూ అన్నారు."

"అక్కడ మురికేం లేదు. నా అసలు ఫొటో ఇవ్వండి."

అబ్బాయి తల గోక్కున్నాడు. "తొందరలో దానిమీదే సేవ్ చేసేశాను. మళ్ళీ తియ్యాలి. కూర్చోండి."

ఆమె విసురుగా కూర్చుంది. అతను కెమెరా వెనక్కి నక్కాడు.

"ఏమీ అనుకోకపోతే... ఆ వెంట్రుకలు తీయించుకోవచ్చు కదా?"

"బుద్ధి పుట్టినప్పుడు తీయించుకుంటాను. ఎవరికో భయపడి కాదు. నాకు పీసీఓఎస్."

"మా అక్కకీ అదే! బిస్కెట్లు తిని తెచ్చుకుందని మా అమ్మ రోజూ తిడుతుంది."

"పాపం, బిస్కెట్లేం చేశాయి? లిఫ్టు బటన్ నొక్కారు, రాలేదు. ఏం చేస్తారు?"

"మళ్ళీ నొక్కుతాను."

"మాలో చాలామందికి ఒంట్లో జరిగేదీ అదే. ఇన్సులిన్ పిలిస్తే కణాలు సరిగా పలకవు. ఒళ్ళు ఇంకా ఇన్సులిన్ వదుల్తుంది. అది ఎక్కువై, మగ హార్మోన్లు ఇంకా తయారు చెయ్యమని అండాశయాల్ని తోస్తుంది. ఆ హార్మోన్లు ఆడవాళ్ళందరికీ కొంచెం ఉంటాయి. నాకు ఎక్కువ. అందుకే ఈ వెంట్రుకలు. అండం పూర్తిగా ఎదిగి బయటికి రాదు, నెలసరి తప్పుతుంది. స్కాన్‌లో కనిపించే బుడగలు ఆ ఎదగని అండాల సంచులే. వంశంలోంచి కొంత వస్తుందంటారు. అసలు మొదలెక్కడో డాక్టర్లకే పూర్తిగా తెలీదు. ఇందులో నా తప్పెక్కడుంది?"

"ఎక్కడా లేదండీ," అన్నాడు. క్లిక్ చెయ్యడం మర్చిపోయాడు.

ఆ వారంలో స్టూడియో ఉన్న బిల్డింగ్ నుంచి మూడు కంప్లైంట్లు వెళ్ళాయి. మూడుసార్లూ ఆమే వచ్చింది. మూడుసార్లూ లిఫ్టు నిక్షేపంగా ఉంది.

నాలుగోసారి పెద్దమ్మ వచ్చింది, ఆమెని వెంటబెట్టుకుని.

"చూశావా బాబూ, శుభ్రం చెయ్యకుండా నువ్విచ్చిన ఫొటో ఎంత పని చేసిందో? ఆ మొహం చూసి పెళ్ళికొడుకు వాళ్ళు వద్దన్నారు!"

"పెళ్ళయ్యాక ఈ మొహాన్ని ఏ బీరువాలో దాచను పెద్దమ్మా?" అంది ఆమె.

అబ్బాయి గొంతు సవరించుకున్నాడు. "నాకు... ఆ మొహమే ఇష్టమండీ."

ఆమె గిర్రున తిరిగింది. "జాలా?"

"జాలేంటండీ! మిమ్మల్ని చూస్తేనే నాకు భయం. అయినా చూడాలనిపిస్తోంది."

ఆమెకి నవ్వొచ్చింది. ఆపుకుంది. ఆగలేదు.

"రేపు పిల్లలు పుట్టడం కష్టమైతే?" పెద్దమ్మ అతన్ని నిలదీసింది.

"నన్నడుగు పెద్దమ్మా. మందులున్నాయి, చాలామందికి పుడతారు. పుట్టకపోతే నేనేం సగం మనిషినైపోను."

"మా అమ్మకి మెల్లగా నేను చెప్తానండీ," అన్నాడతను.

"మెల్లగా ఎందుకు? నా ఒంటి సంగతి ఆవిడ నా నోటినుంచే వినాలి. ఇల్లెక్కడ?"

"ఇప్పుడా? వాన..."

"కరిగిపోతారా?"

అతను షట్టర్ దించాడు. ఇద్దరూ వానలోకి నడిచారు. పెద్దమ్మ గుమ్మంలోనే నిలబడి గొణిగింది, నిట్టూర్చింది, ఆఖరికి కొంగు బిగించి దోపుకుంది.

"ఆగండర్రా! ఆవిడ ఒక్క మాట అననీ, నేను చెప్తాను జవాబు!"