లెక్క తప్పించిన ఎల్ బోర్డు

కారు నేరుగా తన మీదికే వస్తోందని ఆమెకు అర్థమయ్యేలోపే అది గొట్టం మీదికెక్కి, రెండుసార్లు దగ్గి, ఆగిపోయింది.

అది మామూలు గొట్టం కాదు. పొద్దున్నే ఆమె దగ్గరుండి మేకులు కొట్టించి రోడ్డుకు అడ్డంగా పరిపించిన నల్లటి రబ్బరు గొట్టం. దాని మీద చక్రం ఎక్కినప్పుడల్లా పక్కనున్న పెట్టెలో అంకె పెరుగుతుంది. ఆ పెట్టె పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది కాబట్టే పూట తిరక్కుండా వీధివాళ్ళు ఆమెకు లెక్కలమ్మాయి అని పేరు పెట్టేశారు. ఇప్పుడా గొట్టం ఊడిపోయి కారు చక్రానికి చుట్టుకుంది.

స్టీరింగ్ ముందున్న పెద్దావిడ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. పక్క సీటులోంచి ఒక కుర్రాడు దిగాడు. కారు నెత్తిన పళ్ళెమంత ఎర్ర ఎల్ అక్షరం.

"ఇంత పొడుగు గొట్టం కనబడలేదా మీకు?" అంది లెక్కలమ్మాయి.

"గొట్టం కనబడిందండీ. మీరు లేచి నిలబడ్డారు చూడండి, దాంతో మా స్టూడెంటు కంగారుపడి బ్రేకు బదులు క్లచ్ తొక్కి వదిలేశారు."

"నేనేమన్నా పులినా?"

"పులైతే అద్దాలెక్కించుకుని కూర్చునేవాళ్ళం," అన్నాడు, అప్పటికే మోకాళ్ళ మీద కూర్చుని గొట్టం విప్పుతూ.

ఎదురుగా ఉన్న గేటు దగ్గరికి లెక్కలమ్మాయి వాళ్ళమ్మ వచ్చేసింది. వచ్చింది గానీ గడప దాటలేదు. కారు దగ్గిన చప్పుడు విన్నప్పటి నుంచి గేటు దాకా నడిచిన ఆ కాస్త దూరంలోనే ఆవిడ కూతుర్ని ఆసుపత్రిలో చేర్పించి, కట్లు కట్టించి, ఇంక పెళ్ళెలా అవుతుందని ఏడవడం కూడా మొదలుపెట్టింది. ఎవరికీ ఏమీ కాలేదు పిన్నిగారూ అని కుర్రాడు దండం పెట్టి చెప్పాక గానీ ఊపిరి తీసుకోలేదు. తీసుకుని, బండి నడపడం రానివాళ్ళ పక్కన రోజంతా కూర్చునే ఉద్యోగం ఎవరు చేస్తారు నాయనా, మీ ఇంట్లోవాళ్ళు ఎలా ఊరుకున్నారు అని అడిగింది.

ఆ తల్లి భయం ఊరికే వచ్చింది కాదు. కొన్నేళ్ళ కిందట ఒక బైకు ఆవిడ చేతిసంచిని రాసుకుంటూ పోయింది. సంచి పోలేదు, ధైర్యం పోయింది. అప్పటి నుంచి కూతురి మణికట్టు పట్టుకోకుండా ఆ రోడ్డు దాటింది లేదు. సొంత అక్క రోడ్డుకు అవతలి ఇంట్లోనే ఉంటుంది. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఎవరి కిటికీలో వాళ్ళు నిలబడి, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ, ఫోనులో మాట్లాడుకుంటారు.

లెక్కలమ్మాయి పట్టణ ప్రణాళికా విభాగంలో చేరిందే అందుకు. ఊళ్ళో పొగ తగ్గించడానికి ఒక పెద్ద ప్లాను తయారవుతోంది. బళ్ళు తక్కువ తిరిగే వీధుల్ని నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ వదిలేసి, ఒక చిన్న బ్యాటరీ బస్సు మాత్రం నడుపుతారు. ఎక్కువ తిరిగే వీధుల్ని ఇళ్ళ ముందు గోడలు కొట్టి వెడల్పు చేస్తారు. ఏ వీధికి ఏ రాత అన్నది వారం రోజుల లెక్క తేలుస్తుంది. తన వీధి మొదటి జాబితాలోకి వెళ్ళాలి. అమ్మ ఒక్కతే రోడ్డు దాటి పెద్దమ్మ ఇంటికి వెళ్ళాలి. ఈ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. పళ్ళు బిగించి గొట్టం మళ్ళీ బిగించింది, అంతే.

మర్నాడు ఎల్ బోర్డు కారు మళ్ళీ వచ్చింది. ఈసారి గొట్టాన్ని చంటిపిల్లను దాటినంత మెల్లగా దాటింది. గంట తిరక్కుండా ఇంకొకటి వచ్చింది, దాని వెనక మరొకటి. డ్రైవింగ్ స్కూలు ఆ కుర్రాడి బాబాయిది. కార్లన్నీ ఎటు తిరగాలో చెప్పేది కుర్రాడే. ఉన్నట్టుండి అన్నీ ఈ వీధినే పట్టుకున్నాయేమని ఆమె అడిగితే, ఇక్కడి మలుపు నేర్పడానికి బాగుంటుందండీ అన్నాడు.

"నిన్నటిదాకా బాగుండలేదా మలుపు?"

"నిన్నటిదాకా మలుపులో ఎవరూ కూర్చోలేదు."

ఆమె నవ్వు ఆపుకోవడానికి పెట్టె మూత తీసి లోపలికి చూసింది. లోపల చూడవలసిందేమీ లేదు.

కారు వచ్చిన ప్రతిసారీ ఆమె తలెత్తింది. కిటికీ వెనక అమ్మ ప్రతిసారీ గుండె పట్టుకుంది. నేర్చుకునేవాళ్ళకు కూడా సంగతి తెలిసిపోయి, ఆ మలుపులో వాళ్ళంతట వాళ్ళే సెకండ్ గేరులోకి వచ్చేవారు.

నాలుగో రోజు సాయంత్రం వాన పట్టుకుంది. చినుకులు కావు, కుమ్మరింపు. కుర్రాడు కారు పక్కకు ఆపించి గొడుగు తీసుకుని పరుగెత్తుకొచ్చి ఆమె నెత్తి మీద పట్టాడు.

"నాకు కాదు, పెట్టెకు పట్టండి," అంది ఆమె.

పట్టాడు. పెట్టె పొడిగా ఉంది. దానికి అటొకరు ఇటొకరు నిలబడి ఇద్దరూ నిలువునా తడిశారు. అతని ముక్కు కొసన నీటిచుక్క వేలాడుతోంది, తుడుచుకుందామంటే గొడుగు వదలాలి. ఈ పెట్టె మీద మీకంత ప్రేమేమిటని అడిగాడు. అప్పుడు మొదటిసారి ఆమె అమ్మ సంగతి, రోడ్డు సంగతి, రెండు కిటికీల సంగతి చెప్పింది. అతను గొడుగును పెట్టె మీదికి ఇంకాస్త వంచాడు.

"పిన్నిగారు రోడ్డు దాటే రోజున నన్ను కూడా పిలవండి," అన్నాడు.

"మా అమ్మను పిన్ని అంటున్నారు. మరి నేనేమవుతానో వరస చూసుకున్నారా?"

అతని ముఖంలో రంగు మారింది. వానకు కాదు.

వారం ముగిసింది. లెక్క ఆఫీసుకు చేరింది. పెద్ద ఇంజినీరు ఆమెను పిలిచి కాగితం ముందుకు తోశాడు. తక్కువ బళ్ళ వీధికి పెట్టిన హద్దును ఆమె వీధి దాటేసింది. ఎంతో కాదు, కాస్తే. కానీ హద్దు హద్దే. రోడ్డు వెడల్పు చేయాలి, గోడలు పోతాయి, బళ్ళు ఇంకా జోరుగా తిరుగుతాయి.

ఆమె గంటల వారీగా ఉన్న గీతను చూసింది. పొద్దున ఒక గుట్ట, సాయంత్రం ఒక గుట్ట. డ్రైవింగ్ స్కూలు తెరిచి ఉండే వేళలవి.  గొట్టానికి ఎల్ బోర్డని తెలియదు, దాని లోపలున్న మనిషి దేనికొచ్చాడో అసలే తెలియదు. చక్రం ఎక్కితే ఒకటి, మళ్ళీ ఎక్కితే ఇంకొకటి. అతను తన కోసం వేసిన ప్రతి చక్కరూ అమ్మ దారికి అడ్డంగా పడింది. ఆ చక్కర్లు పడుతుంటే తను కూర్చుని నవ్వు ఆపుకుంది.

మళ్ళీ లెక్కించాలని అడిగింది. పెద్ద ఇంజినీరు మంచివాడే. కళ్ళజోడు తీసి, నీ ఇల్లు ఆ వీధిలోనే ఉందమ్మా, నువ్వడిగితే ఇల్లు కాపాడుకోవడానికి అడిగిందంటారు, బయటివాళ్ళెవరైనా రేపు వీధివాళ్ళతో పెట్టే సభలో లేచి కారణం చెబితే చూద్దాం అన్నాడు.

ఆమె ఆఫీసు నుంచి నేరుగా డ్రైవింగ్ స్కూలు షెడ్డుకు నడిచింది. అతను టైరుకు గాలి కొడుతున్నాడు. ఆమెను చూసి ముఖం విప్పారింది. విన్నాక ముడుచుకుపోయింది.

"రేపు మా వీధి బడి హాల్లో సభ. వచ్చి నిజం చెప్పండి," అంది ఆమె.

"ఏమని చెప్పను? కార్లన్నీ అటు తిప్పింది నేనే అంటే ఎందుకు తిప్పావంటారు. ఎందుకో చెబితే మీ పేరు బయటికొస్తుంది. పిన్... మీ అమ్మగారు కూడా అక్కడే ఉంటారు."

"ఉంటుంది. వింటుంది. వారమంతా నన్ను చూడ్డానికి వచ్చిన మనిషికి ఒక్క పూట నా కోసం నిలబడ్డం అంత కష్టమా?"

జవాబు కోసం ఆగకుండా వచ్చేసింది. దారంతా కళ్ళు మండాయి. పొగ వల్లనే అనుకుంది.

సభలో వీధి మొత్తం ఉంది. అమ్మను అటూ ఇటూ ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టారు. పైకప్పు ఫ్యాను ఊడి పడేలా ఉందని ఆవిడ ఒకసారి కుర్చీ కూడా మారింది. పెద్ద ఇంజినీరు లెక్క చదివి, ఎవరైనా మాట్లాడతారా అన్నాడు. లెక్కలమ్మాయి వెనక్కి తిరగలేదు. తిరిగితే అక్కడ అతను లేకపోతే ఎలా?

"లెక్క తప్పు సార్," అని వెనక నుంచి గొంతు వినిపించింది. "ఆ వారం మా స్కూలు కార్లన్నీ ఆ వీధిలోనే తిరిగాయి. తిప్పింది నేను."

ఎందుకని ఇంజినీరు అడిగాడు. హాలంతా వెనక్కి తిరిగింది.

"అక్కడ లెక్కపెట్టే అమ్మాయి ఉంది సార్. ఒకసారి చూస్తే ఇంకోసారి చూడాలనిపించింది. నడిచి వచ్చినా పోయేది, కారులో వచ్చాను. అందరి వీధినీ పాడుచేశాను. ఇంకెవరిదీ తప్పు లేదు."

హాలు గొల్లుమంది. ఆ నవ్వుల మధ్యలోనే లెక్కలమ్మాయి లేచి నిలబడింది. 

"నాదీ ఉంది సార్. కారు వచ్చిన ప్రతిసారీ నేనూ అతన్నే చూశాను. చూస్తూ కింద గొట్టం ఉన్న సంగతి మరిచిపోయాను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అతను నిలబడ్డవాడు నిలబడ్డట్టే కుర్చీ వీపు గట్టిగా పట్టుకున్నాడు.

అప్పుడు ముందు వరుసలో అమ్మ లేచింది. ఆవిడ నలుగురిలో మాట్లాడగా అంతవరకు ఎవరూ వినలేదు. ఈ పిల్లలు చెప్పేది నిజం బాబూ అంది. ఆ ఎల్లు బళ్ళు అంతకుముందు మా వీధికి వచ్చినవి కావు, వచ్చుంటే నా గుండెకు తెలిసేది, ఆ వారం కిటికీ దగ్గర నేను పడ్డ దడ పగవాళ్ళకు కూడా వద్దు అంది. అంత గట్టి సాక్ష్యాన్ని కాదనడం ఇంజినీరు వల్ల కాలేదు. మళ్ళీ లెక్కించమన్నాడు. గొట్టం దగ్గర మాత్రం వేరే మనిషిని కూర్చోబెట్టమని చెప్పి, గడ్డం తడుముకుంటూ నవ్వు దాచుకున్నాడు.

ఇంటికొచ్చాక అమ్మ ఆ సంగతి ఎత్తలేదు. అది తిట్టడం కన్నా ఘోరంగా ఉంది. పడుకోబోయే ముందు మాత్రం, ఆ అబ్బాయి సీటు బెల్టన్నా పెట్టుకుంటాడా అని అడిగింది.

మళ్ళీ లెక్కపెట్టిన వారం ఎల్ బోర్డు కార్లు వీధి వైపు రాలేదు. అతనూ రాలేదు, నడుచుకుంటూ కూడా. బాబాయి కోపంతో కారు తాళాలు లాక్కున్నాడని పెద్దమ్మ ఫోనులో చెప్పింది. లెక్కలమ్మాయి మలుపు వైపు చూసీ చూసీ మెడ నొప్పి తెచ్చుకుంది. చూడకూడదనుకున్నప్పుడు ఇంకా ఎక్కువ చూసింది. వీధి ఖాళీగా ఉండాలని కోరుకున్న మనిషికి ఆ ఖాళీ ఇంత బరువుగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

కొత్త లెక్క హద్దుకు లోపల, బాగా లోపల ఆగింది.

కొన్నాళ్ళకు ఒక ఆదివారం వీధి రెండు చివర్లా పూలకుండీలు అడ్డం పెట్టి బళ్ళను ఆపారు. బ్యాటరీ బస్సు చప్పుడు లేకుండా ఒకసారి వెళ్ళింది. పిల్లలు నడిరోడ్డు మీద సుద్దముక్కలతో బొమ్మలు గీస్తున్నారు. పెద్దమ్మ ఇంటి గేటు పక్కన అతను సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. పిలవమన్నాడుగా, ఆమె కబురు పంపింది. ఇప్పుడు ఇద్దరికీ మధ్య రోడ్డంత దూరం. ఎవరు ముందు దాటాలో తెలియక ఇద్దరూ చెప్పుల వంక చూసుకుంటున్నారు.

లెక్కలమ్మాయి అలవాటుగా మణికట్టు అమ్మ వైపు చాపింది. అమ్మ దాన్ని చూసింది. పట్టుకోలేదు. కొంగు బిగించుకుంది. రాని బళ్ళ కోసం అటు చూసింది, ఇటు చూసింది, మళ్ళీ అటు చూసింది. అడుగు వేసింది. పిల్లలు గీసిన బొమ్మను తొక్కకుండా పక్కగా నడిచింది. కిటికీలో పెద్దమ్మ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, మాట మరిచిపోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అమ్మ తన అక్క ఇంట్లోకి వెళ్ళలేదు. సైకిలు ముందు ఆగింది. అతను గబగబా స్టాండు వేసి చేతులు కట్టుకున్నాడు.

"నమస్తే పిన్నిగారూ."

"ఆ పిలుపు ఇవాళ్టితో ఆఖరు," అంది అమ్మ, ఆయాసపడుతూ. "పిన్నంటే నా కూతురు నీకేమవుతుంది? వరస కుదరొద్దూ? అత్తయ్యా అను."

 రోడ్డుకు ఇవతల ఉన్నమ్మాయికి అన్నీ వినబడ్డాయి. వీధిలో అంత నిశ్శబ్దం ఉంది మరి. బళ్ళు లేకపోతే ఎంత చిన్న మాటైనా రోడ్డు దాటుతుంది.

ఆమె ఒక్క పరుగున బయల్దేరింది.

"అటూ ఇటూ చూసుకుని రావే," అని అరిచింది అమ్మ.