చెరిపేసిన దారి

“ఈ గీత తప్పు,” అనుకుంది ఈషా.

స్కూలుకి సెలవని ఆ రోజు అమ్మ వెంట ఆఫీసుకి వచ్చింది. అమ్మ గిరిజ బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా మీద జర్మనీలోని కీల్‌కి వచ్చి రెండేళ్లయింది. తిమింగలాలు ఎటు తిరుగుతాయో కనిపెట్టడం అమ్మ పని. ఇప్పుడు అమ్మ, గ్రీన్‌లాండ్ నుంచి వచ్చిన పావియా తాత కాఫీకి వెళ్లారు.

కంప్యూటర్లోని సముద్రం మ్యాపు మీద ఎర్ర చుక్కలున్నాయి. తిమింగలాలకు తగిలించిన ట్యాగులు పంపినవి అవి. బల్ల మీద కాగితం మ్యాపు ఉంది. పావియా తాత పుట్టి పెరిగింది తిమింగలాల వేటతో బతికే ఊళ్లో. పొద్దున తాత ఈషా ఇంకు పెన్ను అడిగి తీసుకుని, అవి వెళ్లే దారులన్నీ ఆ కాగితం మ్యాపు మీద గీశాడు.

గీతలన్నీ చుక్కల వెంటే ఉన్నాయి. ఒక్కటి మాత్రం చుక్కలే లేని చోటికి, మంచు కిందికి పోయింది.

నాలుగో క్లాసులో ఈషా నోటుబుక్కంత నీట్‌గా ఇంకెవరిదీ ఉండదు. ఆ సంగతి అందరికీ ఈషాయే చెబుతుంది. పెన్సిల్ బాక్సులోంచి టింటెన్‌కిల్లర్ అనే ఇంకు చెరిపే పెన్ను తీసింది. దాని ఒక కొసతో రుద్దితే నీలం ఇంకు మాయం. రెండో కొసతో అదే చోట మళ్లీ రాయొచ్చు, అది మాత్రం ఇక చెరగదు. ఈషా మొదటి కొసతో రుద్దింది. అమ్మ మెచ్చుకుంటుందని సంబరపడింది కూడా.

అమ్మ, తాత తిరిగొచ్చారు. అమ్మ మ్యాపు చూసింది. “అదేంటి, మంచు కింది దారి ఏదీ? ఏప్రిల్‌లో నీళ్లలోకి మైకు దించాల్సింది అక్కడేగా!”

“అక్కడ చుక్కలు లేవుగా మమ్మీ?”

“ట్యాగులున్నది ఆరు తిమింగలాలకేనే. మిగతావి ఎటు పోతాయో తాతగారికి తెలుసు. మైకులో వాటి అరుపులు వినపడితే మాకూ తెలుస్తుంది. నువ్వేమైనా చేశావా?”

“లేదు,” అంది ఈషా.

అమ్మ ఆ దారి సంగతి ఇంగ్లీషులో అడిగితే, తాత కళ్లద్దాలు తుడుచుకుని వంగి చూశాడు. “గీశాననే అనుకున్నా,” అన్నాడు ఇంగ్లీషులో, మెల్లగా. “వయసైపోయింది, మరిచిపోయానేమో. నా మాట నమ్ముకోకండి. ఆ దారి వదిలేయండి.”

ఈషా చెవులు వేడెక్కాయి. తప్పు చేసింది తను, తలదించుకున్నది తాత. సిగ్గుతో ఏడుపొచ్చేసింది.

“మీరు మరిచిపోలేదు. నేనే చెరిపాను. అబద్ధం కూడా చెప్పాను, తాతా.” అంతా ఇంగ్లీషులోనే చెప్పింది. చివర “తాతా” అన్నది మాత్రం తెలుగులోనే వచ్చింది.

అమ్మ ముఖం ఎర్రబడింది. తాత చెరిగిన చోటును వేలితో తడిమాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఈషాకి.

“నన్ను అడగాల్సింది,” అన్నాడు చివరికి. “చిన్నప్పుడు మా నాన్న పక్కన ఆ మంచు అంచున కూర్చుని వాటి ఊపిరి విన్నాను. అడిగితే చెప్పేవాణ్ని.”

ఈషా ముక్కు తుడుచుకుని టింటెన్‌కిల్లర్ రెండో మూత తీసింది.

“చూసుకుని గీయి. ఇది చెరగదు,” అంది అమ్మ.

“తెలుసు మమ్మీ.”

తాత వేలు మ్యాపు మీద కదిలింది. దాని వెనకాలే ఈషా గీసుకుంటూ పోయింది. మంచు మధ్యలో వేలు ఆగింది. ఈషా కూడా ఆగింది.

“ఇక్కడెందుకు ఆగుతాయి, తాతా?”