సంతకం చుట్టూ ఎర్ర సున్నా

వాసంతి చెప్పులు విప్పలేదు, విసిరింది. ఒకటి గుమ్మం దగ్గర పడింది. రెండోది వెళ్ళి ఖాళీ బకెట్‌కి తగిలింది. బ్యాగు మంచం మీద పడేసి, ఇంగ్లీషు పరీక్ష పేపరు తీసి మళ్ళీ చూసుకుంది. ఇరవైకి పదమూడు.

ఎనిమిదో క్లాసులో ఇంగ్లీషంటే ఎవరైనా వాసంతి పేరే చెప్తారు. అలాంటి పిల్లకి పదమూడు. పరీక్షలో రాసిన ఉత్తరంలో ఒక్క స్పెల్లింగు తప్పు లేదు. అయినా సిరిల్ సార్ పద్నాలుగు చోట్ల ఎర్ర సున్నాలు చుట్టి, సున్నాకి అర మార్కు చొప్పున ఏడు మార్కులు కోసేశారు. కింద ఒకే ఒక్క మాట రాశారు: "కామాలేవి?"

నిజం చెప్పొద్దూ, ఏడు మార్కులు పోతే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. మండనివ్వండి. కానీ ఒళ్ళు మండుతున్నప్పుడు చేతిలో పెన్ను లేకుండా చూసుకోవాలి. వాసంతి చేతిలో ఉంది. అదీ ఎర్రది.

టేబుల్ మీద నాన్న రాసిన అర్జీ ఉంది. వాళ్ళుండేది బెంగాల్లోని నిమ్‌పురాలో, ఎనిమిది ఇళ్ళున్న రైల్వే క్వార్టర్ల బ్లాకులో. పైపు పగిలి రెండు నెలలుగా కుళాయిల్లో తుప్పు నీళ్ళు వస్తున్నాయి. మంచినీళ్ళు రెండు బ్లాకుల అవతల నుంచి మోసుకురావాలి. అందుకే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసే నాన్న గోవిందరావు మూడు సాయంత్రాలు కూర్చుని, ఇంగ్లీషులో ఈ అర్జీ రాశాడు. నిన్ననే ఎనిమిది ఇళ్ళూ తిరిగి అందరిచేతా సంతకాలు పెట్టించాడు.

వాసంతి చదివింది. 'మోస్ట్ రెస్పెక్ట్‌ఫుల్లీ వియ్ బెగ్ టు స్టేట్' అని మొదలైన వాక్యం ఎక్కడా ఆగలేదు. పైపు, కుళాయి, డ్రెయినేజీ, ముసలివాళ్ళు, పసిపిల్లలు, అందరూ ఒకరిమీద ఒకరు ఎక్కి కూర్చున్నారు. పేజీ చివర ఒక్క ఫుల్‌స్టాప్ ఉంది, అంతే.

'నాన్న ఇలా రాస్తే అందరూ సంతకాలు పెడతారు. నాకు మాత్రం పదమూడా?' అనుకుంది.

ఒక సున్నా చుట్టింది. ఇంకోటి చుట్టింది. ఇక చెయ్యి ఆగలేదు. పంతొమ్మిది సున్నాలయ్యాయి. కింద సంతకాల్లో ఒకటి గీత దాటి పైకి ఎక్కిపోయింది. కామాలకీ దానికీ ఏ సంబంధమూ లేదు. అయినా దాని చుట్టూ కూడా ఒకటి చుట్టేసింది. పైన మూలలో ఇరవైకి నాలుగు వేసి, అచ్చం సిరిల్ సార్ లాగే కింద గీత గీసింది. కసి తీరింది.

అయిదున్నరకి గోవిందరావు డ్యూటీ దిగి వచ్చాడు. టేబుల్ దగ్గర ఆగిపోయాడు.

"ఎవులు సేసినారిది?"

"నేనే. ఒక్క కామా లేదు సూడు నాన్నా."

"రేపు పన్నెండింటికి రిపేర్ల లిస్టు మూసేస్తారు. రేపు తప్పితే మళ్ళీ మూడు నెలలు ఆగాల. ఈ కాయితం ఆఫీసులో ఎలాగిమ్మంటావు? నాలుగు మార్కులొచ్చినాయి తీసుకోండని ఇమ్మంటావేటి?"

"నాకు మార్కులు తగ్గిపోయినాయి. కోపమొచ్చింది."

"వస్తే? ఎనిమిదిళ్ళ కాయితం మీద కక్కుతావేటి?" గోవిందరావు గొంతు పక్కింటిదాకా వినిపించింది. "నాకు కామాలు రావని నాకు తెలీదేటి? మూడ్రోజులు నీ పక్కనే కూకుని రాసినాను. ఒక్కసారైనా ఇటు సూసినావా?"

చూడలేదు. ఆ మూడు రోజులూ వాసంతి ఫోన్ చూసింది.

వంటింట్లోంచి అమ్మ మీనాకుమారి వచ్చింది. "అరుపులతో కాయితం రాదు. కొత్తది తియ్యండి. అది సెప్తాది, మీరు రాయండి."

తండ్రీకూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కూర్చున్నారు.

"సర్ అని రాసి కామా పెట్టు," అంది వాసంతి.

"ఎందుకు?"

"పిలిచినాం కదా. పిలిచి, కొంచెం ఆగి, అప్పుడు సంగతి సెప్పాల."

"మరి ఇక్కడ?"

"పైపు, కుళాయి, డ్రెయినేజీ. మూడూ వేరు వేరు. మధ్యలో కామా లేకపోతే కలిసిపోతాయి."

"వాషర్ ఏసినట్టు," అన్నాడు గోవిందరావు. మొహంలో నవ్వు మాత్రం లేదు.

"ఆఁ, అలాగే."

నాన్నకి చెప్తూ ఉంటే, తన పేపర్లో కూడా పద్నాలుగు చోట్లా ఇలాంటి తప్పులే ఉన్నాయని వాసంతికి తెలిసిపోయింది. ఆ సంగతి పైకి అనలేదు.

రాయడం అయ్యాక గోవిందరావు కింద సంతకం పెట్టి, పాత కాగితం, కొత్త కాగితం రెండూ కూతురి చేతిలో పెట్టాడు. "మిగతా ఏడూ నువ్వే తే. నేను రాను. మళ్ళీ ఎందుకని అడుగుతారు. జవాబు నువ్వే సెప్పుకో."

అందరూ అడిగారు. టోని అంకుల్ సంగతంతా విని, "మాకు పనీపాటా లేదనుకున్నావా?" అని నిలబడే గీకి ఇచ్చాడు. తబిత ఆంటీ పిండి చేతులు కడుక్కుంటూ తిట్టింది, తుడుచుకుంటూ తిట్టింది, సంతకం పెడుతూ తిట్టింది. ఇంటికో చీవాటు తింటూ, దీపాలు పెట్టే వేళకి నాన్నదితో కలిపి ఏడు సంతకాలు పోగుచేసింది వాసంతి. మిగిలింది చివరింటి అప్పలనర్సమ్మ ఒక్కతే. ఒక ఇల్లు తగ్గినా ఆఫీసులో అర్జీ తీసుకోరు.

అప్పలనర్సమ్మ కొడుకు గూడ్సు బండి మీద డ్యూటీకి వెళ్ళాడు. కోడలు, మనవడు ఊళ్ళో లేరు. ఆమె గుమ్మంలో కూర్చుని మోకాళ్ళకి నూనె రాసుకుంటోంది. పక్కన అప్పుడే మోసుకొచ్చిన నీళ్ళ బిందె ఉంది.

"నిన్ననే ఎట్టినాను కదే. ఆ కాయితమేది? సూపించు," అంది.

వాసంతి చూపించక తప్పలేదు. ముసలామె కాగితం ఒళ్ళో పరుచుకుంది. ఆమె వేలు వరసగా దిగి ఒకచోట ఆగింది.

"నా పేరు సుట్టూ ఈ ఎర్ర సున్నా ఏటి?"

వాసంతి బిందె వైపు చూసింది.

"తప్పు రాసినానా?"

"లేదు మామ్మా."

"మరేటి?"

"గీత దాటిందని..."

అప్పలనర్సమ్మ కాగితం మడిచి వాసంతి చేతిలో కుక్కింది. "ఇన్నేళ్ళూ వేలిముద్రే ఏసినాను. రెండు నెల్లు మా మనవడి దగ్గర పలక మీద దిద్ది దిద్ది నేర్సుకున్నాను. నిన్నే మొదటిసారి కాయితం మీద పేరెట్టినాను. మీ నాన్న సూసి, బాగుంది పిన్నీ అన్నాడు. నువ్వు సున్నా ఎట్టినావు. నానింక ఎట్టను. పో."

వాసంతికి మొదట కోపమే వచ్చింది. ఒక్క సంతకానికి ఇంత రాద్ధాంతమా? అంతలోనే పొద్దున క్లాసులో పేపరు ఇచ్చినప్పుడు, పక్కనున్న బుజ్జిబాబు తన పేపర్లోకి తొంగిచూసి సున్నాలు లెక్కపెట్టడం గుర్తొచ్చింది. అప్పుడు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తనవైతే నిజంగా తప్పులు. ఈమె పేరులో తప్పేముంది?

మెట్టు మీద కూర్చుంది. "మామ్మా, మా సార్ నాకు మార్కులు కోసేసినారు. ఆ కోపం నీ పేరు మీద తీర్సుకున్నాను. తప్పు నాది."

"మీ సారు ఊరికే కోసినాడా?"

"ఊరికే కాదు. నా తప్పులకే."

"నా పేరులో ఏటి తప్పుంది?"

"ఏం లేదు."

"గట్టిగా సెప్పు. సరిగ్గా వినపడదు నాకు."

"నీ పేరులో తప్పు లేదు మామ్మా."

అప్పలనర్సమ్మ నూనె చేతులు చీర చెంగుకి తుడుచుకుంది. ఒకసారి కాదు, మూడుసార్లు. అప్పుడు పెన్ను తీసుకుంది. 'అ' రాసి ఆగింది. 'ప్ప' రాసి ఊపిరి వదిలింది. యార్డు వైపు గూడ్సు బండి ఒకటి కదిలింది. పెట్టెలన్నీ ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. ఆమె ఇంకా 'న' దగ్గరే ఉంది. కొత్త కాగితం కదలకుండా వాసంతి రెండు చేతులతో పట్టుకుంది. సంతకం ఈసారి కూడా గీత దాటి పైకి ఎక్కింది.

"రేపు నానూ వస్తాను," అంది అప్పలనర్సమ్మ. "మళ్ళీ ఎవులేటి గీస్తారో."

మర్నాడు శనివారం. బడి లేదు. నాన్న డ్యూటీకి వెళ్ళాడు. పదకొండు గంటలకి ఇద్దరూ ఆఫీసులో నిలబడ్డారు. క్లర్కు బెంగాలీ ఆయన. అర్జీ మొత్తం చదివి, బాగుంది, ఎవరు రాశారని హిందీలో అడిగాడు.

"మా నాన్న," అంది వాసంతి.

క్లర్కు ఎర్ర పెన్ను తీసి ఒక్కో సంతకం పక్కనా టిక్కు పెడుతూ వచ్చాడు. ఎనిమిదో దాని దగ్గర ఆగాడు.

"ఎటా కార్ షొయ్?" ఎవరిదీ సంతకం అని నవ్వుతూ పక్క టేబుల్ ఆయనకి చూపించాడు. చిన్నపిల్లలు గీసినట్టుందట. ఆయనా నవ్వాడు. క్లర్కు దాని చుట్టూ సున్నా చుట్టడానికి పెన్ను దించాడు.

వాసంతి అరచెయ్యి వచ్చి ఆ పేరు మీద పడింది. పెన్ను ఆమె వేలి మీద ఎర్రగా గీసుకుంది.

"దాదా, గీయొద్దు," అంది తనూ హిందీలోనే. నిన్నటంత కోపమూ ఉంది. గొంతు మాత్రం పెంచలేదు. "ఇది ఈ మామ్మ సంతకం. ఇందులో తప్పు లేదు."

క్లర్కు తలెత్తాడు. వెనకాల చెంగు భుజం చుట్టూ కప్పుకుని నిలబడ్డ అప్పలనర్సమ్మని చూశాడు. నవ్వు ఆగిపోయింది.

"ఠీక్ హై, మా," అని పెన్నుకి మూత పెట్టేశాడు. సొరుగులోంచి స్టాంపు తీసి ఇంకు అద్దాడు.

వాసంతి చెయ్యి ఇంకా ఆ పేరు మీదే ఉంది.

"ఒలే, సెయ్యి తియ్యి," అంది అప్పలనర్సమ్మ. "ఆయన స్టాంపెయ్యాల."