గోడ మీద రెండో అద్దం

నాకు అనుమానం జాస్తి. తేదీ చదవకుండా పాల ప్యాకెట్ కత్తిరించను. ఆటో ఎక్కితే మీటర్‌నీ, డ్రైవర్‌నీ, ఫోన్‌లో మ్యాప్‌నీ ఒకేసారి చూస్తాను. అలాంటి నా ఇంటి గోడకు, పొద్దున ఆరున్నరకు, పసుపు హెల్మెట్ పెట్టుకున్న అమ్మాయి ఏదో అంటిస్తూ కనబడితే ఊరుకుంటానా?

"ఓ మేడం! ఏందది?"

"అద్దం" అంది వెనక్కి తిరగకుండానే.

"ఎందుకు? మొహం చూసుకోనీకా?"

"మీ గోడ మొహం చూడనీకి. జర జరుగున్రి అన్నా, వెలుతురుకు అడ్డమొస్తున్నరు."

మా కాంపౌండ్‌లో నిలబడి నన్నే జరగమంటోంది. గేటు తీసి లోపలికి రానిచ్చింది మా అమ్మ మహేశ్వరే అని తర్వాత తెలిసింది. పైగా టీ కూడా ఇచ్చిందట.

మాది అశోక్‌నగర్‌లో రెండంతస్తుల ఇల్లు. పైన అమ్మా నేనూ ఉంటాం. కింద స్టడీ హాల్ నడుపుతాను. గ్రూప్స్ పరీక్షల కోసం ఊళ్ల నుంచి వచ్చిన నలభై మంది తెల్లవారుజాము నుంచే కుర్చీలకు అతుక్కుపోయి చదువుతుంటారు. పరీక్ష రెండు నెలల్లో ఉంది.

పక్కన ఒకప్పుడు ఫంక్షన్ హాల్ ఉండేది. దాన్ని కొట్టేసి ముప్పై నాలుగు అంతస్తుల ఆఫీసుల టవర్ కడుతున్నారు. ప్రస్తుతానికి ఆకాశంలోకి ఏమీ లేవలేదు, సెల్లార్ కోసం గుంత మాత్రం నాలుగంతస్తుల లోతు దిగింది. మా ఇల్లు కూడా కలుపుకుంటామని కంపెనీ మేనేజర్ శ్రీపతి మూడుసార్లు వచ్చాడు. మూడోసారి రంగుల బొమ్మ తెచ్చాడు. అందులో మా ఇల్లు ఉండాల్సిన చోట పచ్చగడ్డి ఉంది, గడ్డి మీద ఒక కుక్కపిల్ల ఆడుకుంటోంది. ఆ కుక్కపిల్లను నేను ఇప్పటికీ క్షమించలేదు.

"మీరు కంపెనీ మనిషేనా?" అని అడిగాను.

"కాదు. కంపెనీ పెట్టుకున్న కన్సల్టెన్సీ. నా పేరు సంయుక్త."

"రెండూ ఒకటే కదా."

"ఒకటే అయితే నాకు ఇంకా మంచి జీతం వస్తుండె" అని నవ్వి, గోడ చూపించింది. "ఈ పగులుకు అటూ ఇటూ కలిపి అద్దం ముక్క అతికించిన. నేల కదిలితే గోడ కదులుతది. గోడ ఓర్చుకుంటది కానీ అద్దం ఓర్చుకోదు, పగులుతది. అప్పుడు మేం తవ్వకం ఆపిస్తం."

వినడానికి చక్కగా ఉంది. చక్కగా ఉన్న మాటలంటేనే నాకు భయం.

అలా నాలుగు చోట్ల నాలుగు అద్దాలు అతికించి, మార్కర్‌తో నంబరూ తేదీ రాసింది. మా స్టడీ హాల్‌లోకి ఎవరొచ్చినా రిజిస్టర్‌లో రాయాలి. పేరు, టైము, ఎవరి కోసం వచ్చారు. చివరి గడిలో ఆమె "గోడ" అని రాసి సంతకం పెట్టింది.

ఆ రోజు నుంచి రోజూ ఆరున్నరకు వచ్చేది. నాలుగు అద్దాలూ చూసి, ఫొటోలు తీసి, అమ్మ ఇచ్చిన టీ తాగి, రిజిస్టర్‌లో "గోడ" అని రాసి పోయేది. నేను ఊరుకోలేదు. ఆరూ పదికి, అంటే ఆమె రాకముందే, అద్దాలన్నిటికీ ఒక ఫొటో. ఆమె ఉండగా ఒకటి. పోయాక ఒకటి. గీకుతుందో, పగులును పెద్దది చేస్తుందో, ఏదో ఒకరోజు దొరక్కపోదు.

వానాకాలం ముదిరింది. ఒక పొద్దున జల్లు కురుస్తుంటే, ఆమె గొడుగు తన మీద కాకుండా రెండో నంబర్ అద్దం మీద పట్టి నిలబడింది. జడ కొసల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"అద్దానికి జలుబు చేస్తదా?" అంటూ నా గొడుగు ఆమె మీద పట్టాను.

"తేదీ చెరిగిపోతది. థాంక్స్ అండి."

"అన్నా" అని పిలవలేదు. రెండు వారాలుగా అనడం లేదు. ఎందుకు మానేసిందో అని ఆ రోజంతా ఆలోచించాను. ఇల్లు అమ్మించడానికి ఇదో కొత్త పద్ధతేమో.

ఆదివారం సాయంత్రం మొదలైన వాన సోమవారం తెల్లవారుజామున గానీ ఆగలేదు. ఆ పొద్దున సంయుక్త రెండో అద్దం దగ్గర చాలాసేపు నిలబడింది. ఫొటోలు తీసి, ఎవరికో ఫోన్ చేసి, టీ కూడా తాగకుండా పోయింది. వెళ్లి చూస్తే అద్దం మధ్యలో సన్నటి గీత. పగిలింది.

"ఆమెనే కొట్టింది" అన్నాను.

మా హాల్‌లో మూడేళ్లుగా చదువుతున్న మొగిలయ్య తల ఊపాడు. "అన్నా, గాంధీనగర్‌ల మా పాత హాస్టల్ల గిట్లనే గోడలు కొలిచిపోయిన్రు. పది దినాలకు బిల్డింగ్ డేంజర్ అని ఖాళీ చేయించిన్రు. పరీక్షకు నెల ముంగట రోడ్డు మీద పడ్డం."

నలభై కుర్చీల వైపు చూశాను. ఇక ఆగలేకపోయాను. ఆ సాయంత్రమే స్క్రూడ్రైవర్ తీసుకుని నాలుగు అద్దాలూ పెరికేశాను. ఆ జిగురు గట్టిది, నాలుగూ ముక్కలయ్యాయి. ముక్కల్ని చెత్త డబ్బాలో పోశాను.

మంగళవారం ఆమె వచ్చింది. ఖాళీ గోడ మీద మిగిలిన జిగురు మరకల్ని వేలితో తడిమింది.

"మీరే తీసిన్రా?"

"పడిపోయినయ్."

"నాలుగూ ఒక్కసారే?"

నా చూపు చెత్త డబ్బా వైపు పోయింది. ఆమె కూడా అటే చూసింది. "నిన్న పగిలిన అద్దం మీద రిపోర్ట్ రాసిన. తవ్వకం ఆపకుంటే ఈ గోడ ఆగదని రాసిన. పదకొండు గంటలకు మా పెద్దసారు, శ్రీపతి సారు చూడనీకి వస్తున్నరు. ఏం చూపించాలె? మీ చెత్త డబ్బానా?"

"నేను... మీరే కొట్టి పగలగొట్టిన్రనుకున్న."

"నేనా?" కళ్లలోకి సూటిగా చూసింది. "ఒక్క మాట నిజం చెప్పున్రి. శ్రీపతి సారు మీతోని మాట్లాడుకున్నడా? ఇల్లు ఇచ్చేస్త అన్నరా?"

నా జన్మలో నన్ను ఎవరూ అనుమానించలేదు. ఆ పని ఎప్పుడూ నాదే. అది ఇంత నొప్పి పెడుతుందని నాకు తెలియదు.

పదకొండింటికి ఇద్దరూ వచ్చారు. ఆమె పెద్దసారు రాఘవేందర్ గోడను తడిమి చూశారు. శ్రీపతి మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇవి పాత ఇళ్లు సార్, పగుళ్లు ఉండనే ఉంటయ్. అద్దం అతికించింది ఈమె, ఫొటో తీసింది ఈమె. తానే చెయ్యి తాకించి పగలగొట్టి ఉండొచ్చు. ఏది ఆ అద్దం? ఒక్క ఫొటో చూసి నేను పని ఆపాల్నా?"

సంయుక్త తల దించుకుంది. శ్రీపతి నోట వచ్చినవి అక్షరాలా నా మాటలే. నిన్న నేను అన్నదే ఈ రోజు ఆయన అంటున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

అప్పుడు గుర్తొచ్చింది నా ఫోన్.

"సార్, నా దగ్గర కూడా ఫొటోలున్నయి. రోజూ తీసిన. మేడం రాకముందు, పోయినంక."

"ఎందుకు తీసినవ్?" అన్నారు రాఘవేందర్.

"మేడం మీద అనుమానంతోని."

ఆమె తలెత్తి చూసింది. నేను సోమవారం ఫొటో తెరిచాను. తీయడమే గానీ, దాన్ని నేనూ అంతవరకు సరిగ్గా చూడలేదు. పెద్దది చేశాను. టైము ఆరూ పది. రెండో నంబర్ అద్దం మధ్యలో సన్నటి గీత.

అంటే ఆమె రాకముందే పగిలింది. అంతకుముందు ఆదివారం పొద్దున ఆమె పోయాక తీసిన ఫొటోలో అద్దం శుభ్రంగా ఉంది. మొగిలయ్య పరుగున పోయి రిజిస్టర్ తెచ్చాడు. సోమవారం, సంయుక్త, ఆరూ ముప్పై, గోడ.

రాఘవేందర్ రెండూ చూసి శ్రీపతి వైపు తిరిగారు. "ఈ దిక్కు తవ్వకం ఇప్పుడే బంద్. ముందు మట్టి జారకుండ సపోర్ట్ కట్టున్రి, ఈ గోడ రిపేర్ చేయించున్రి. రాతపూర్వకంగా పంపుత." శ్రీపతి మొహం మాడ్చుకుని ఫోన్ తీసి గేటు దాటాడు.

రాఘవేందర్ మాత్రం నా ఫోన్ వదల్లేదు. వెనక్కి జరుపుతూ పోయారు. గోడ. గోడ. టీ ఊదుకుంటున్న సంయుక్త. గోడ. ఆవలిస్తున్న సంయుక్త. వానలో గొడుగుతో సంయుక్త. ఆ ఫొటోలో అద్దమే లేదు.

"బాబూ, ఇందుల గోడ ఎంత, మా అమ్మాయి ఎంత?"

మొగిలయ్య దగ్గు నటించాడు. అమ్మ నవ్వు దాచుకోవడానికి టీ కప్పులతో లోపలికి నడిచింది, ఆయన్నీ రమ్మని పిలిచింది.

గోడ దగ్గర మేమిద్దరమే మిగిలాం.

"అడగకుండనే తీసిన్రా?" అంది సంయుక్త.

"తప్పే. ఇప్పుడే డిలీట్ చేస్త."

"మళ్లా సాక్ష్యం పీకేస్తరా?"

వేలు ఫోన్ మీదే ఆగిపోయింది.

"సంయుక్త గారూ, మీ మీద అనుమానం లేకపోతే మిమ్ములను ఇంతగనం చూసేటోన్నే కాదు. చూసి చూసి... ఇప్పుడు ఆరూ పదికి కిందికి దిగుతున్నది గోడ కోసం కాదు. మీరంటే నాకు ఇష్టం. మాట పడేటట్టు చేసిన, మాఫ్ చేయున్రి."

ఆమె సంచిలోంచి కొత్త అద్దం తీసి, రెండో నంబర్ చోట అతికించి, మార్కర్ నా చేతికిచ్చింది. తేదీ నేనే రాశాను. హెల్మెట్ పెట్టుకుని వెళ్లిపోయింది. అవునో కాదో తెలియక రాత్రంతా నిద్ర పట్టలేదు.

మర్నాడు ఆరూ పదికి ఫోన్ పట్టుకుని గోడ దగ్గరికి వెళ్తే, ఆమె అప్పటికే అక్కడుంది.

"ఇయ్యాల ఇంత జల్దీ?"

"నేను రాకముందు ఫొటో తీస్తరు కదా. ఆ ఛాన్స్ ఇయ్యొద్దనుకున్న." అద్దం చూసింది. "పగల్లేదు. మంచిగుంది."

"రిజిస్టర్‌ల రాసిన్రా?"

"రాసిన. నమ్మకపోతే చూస్కోన్రి."

నమ్మలేదు. లోపలికి పోయి చూశాను. సంయుక్త, ఐదూ యాభై ఐదు. ఎవరి కోసం వచ్చారు అనే గడిలో "గోడ" అని రాసి కొట్టేసింది. దాని పక్కన గుండ్రటి అక్షరాలతో "ఉమాకాంత్" అని ఉంది.

అనుమానమొచ్చి రెండోసారి చదివాను. నా పేరే.