కర్ర మీది బూడిద

తిరుపతి చేనేత మ్యూజియంలో వందేళ్ల నాటి ఎర్రచీర పోయింది. ముందు అడ్డంగా తాడు కట్టి, దాని వెనక కర్ర మీద వేలాడదీసిన చీర. 12:10కి ఉంది. 12:40కి లేదు.

ఎస్సై చంద్రమౌళి వచ్చేసరికి 1:30. తెల్లవారుజాము నుంచి బందోబస్తు డ్యూటీ. కాళ్లు పీకుతున్నాయి.

మ్యూజియంలో స్కూలు విజిట్లు చూసుకునే నిలోఫర్ కుర్చీలో కూలబడి ఉంది. ఆ రోజుకిది నాలుగో బ్యాచ్. అరిచి అరిచి గొంతు పోయింది.

"ఎవరి మీద అనుమానం?"

"ఆ పాప సార్. పూజిత. ఎనిమిదో క్లాసు. అందరూ అన్నానికి పోతే ఈడే నిలబడింది. కర్ర మీద బూడిద మరకలు. దాని వేళ్లకీ విబూది ఉండాది."

"చీర దొరికిందా?"

"లేదు. వాళ్ల నాయనకి ఫోన్ చేసి చెప్పేసినా."

పూజిత ఏడ్చి ఏడ్చి ఊరుకుంది. క్లాసంతా బస్సు కిటికీల్లోంచి చూస్తోంది. దొంగ అనే మాట అప్పుడే ఆ బస్సెక్కేసింది.

"ఎందుకు నిలబడినావమ్మా?"

"ఎరుపు బాగుండాదని చూస్తా ఉన్నా సార్. నేను పోయేటప్పుడు చీర ఆడే ఉన్నింది."

"విబూది?"

"కాణిపాకం పోయొచ్చినాం. అందరికీ ఉండాది."

చంద్రమౌళి కర్ర దగ్గర వంగాడు. మరక తెల్లగా లేదు. పొయ్యి బూడిద. అందులో చిన్న ఎర్రపోగు, రెండు కొసలూ కలిపి పేనినట్టుంది.

నేరుగా పక్క హాల్లోకి నడిచాడు. నిలోఫర్ వెనకే వచ్చింది. అక్కడ పిల్లలకి మగ్గం నేసి చూపించే గోవిందయ్య తల వంచుకుని కూర్చున్నాడు. మగ్గం పక్కన బూడిద డబ్బా.

"మా అమ్మ నగరిలో నేసేది మేడమ్," అన్నాడు చంద్రమౌళి. "తెగిన పోగు అతికేటప్పుడు వేళ్లు జారకుండా బూడిద రాసుకునేది. చీర తీసింది దొంగ కాదు. అతికే మనిషి. పెద్దాయనా, యాడ పెట్టినావు?"

గోవిందయ్య మగ్గం గుంటలోంచి చీర తీశాడు.

"వచ్చిన పిల్లోళ్లంతా లాగేవాళ్లే. పోగులు తెగిపోతాండాయని రెండు నెల్లుగా చెప్తా ఉండా, ఎవురిన్నారు? ఆడే ఒగటి రెండు అతికినా. నిలబడి కుదర్లేదు, ఈడికి తెచ్చుకున్నా. ఇంతలో పోలీసులన్నారు. పని పోతాదని నోరు లేయలేదప్పా."

"ఆ పాప ఏడుస్తా ఉంటే కూడానా?"

చంద్రమౌళికి కోపమొచ్చింది. అరిచే ఓపిక లేదు.

నిలోఫర్ బస్సెక్కి జరిగింది అందరికీ తనే చెప్పింది. పూజిత మాత్రం బస్సెక్కలేదు.

"మా నాయనకి ఎవురు చెప్తారు మేడమ్?"

నిలోఫర్ నంబరు నొక్కింది. అవతల బస్సు రొద. ఆమె నోరు తెరిచేలోపే ఆయన మొదలుపెట్టాడు.

"మా పాప తీయలేదని నాకు తెలుసు మేడమ్. మీకెట్ల చెప్పాల్నో తెలీక బస్సెక్కినా."

"మీ పాప తీయలేదు, అన్నా," అంది నిలోఫర్. "తప్పు నాది."