రైట్ చెప్పని కండక్టరమ్మ

“కన్నవాడు ఎవడో... పెంచినవాడు పోయాడు... మధ్యలో నన్నెందుకమ్మా సాక్ష్యానికి లాగుతావు?” కొడుకు యూనిఫాం చొక్కా ఒళ్ళో పెట్టుకుని, గోడకేసి చూస్తూ అంది అత్తగారు.

భర్త గుండె ఆగి పోయినప్పటి నుంచి ఆ ఇల్లంతా కలలో ఇల్లులా ఉంది కోడలికి. కిటికీ తెర ఊగితే ఆయనే డ్యూటీ దిగి వచ్చాడనుకుంటుంది... చెయ్యి దానంతటదే రెండో కప్పు తీస్తుంది... ఆ మైకంలోంచి ఆమెను లేపేది ఒక్క కూతురి దిగులే! చనిపోయిన డ్రైవరు పిల్లలకు చదువయ్యేదాకా బస్సుల కంపెనీ నెలనెలా పింఛను ఇస్తుంది. కానీ ఈ పిల్ల ఆమె మొదటి పెళ్ళి బిడ్డ. సొంత కూతురిలా సాకాడని ఆయన తరఫు మనిషి చెప్పాలట. ఆయన తరఫున మిగిలింది ఈ తల్లి ఒక్కతే! ఆవిడేమో పెళ్ళినాటి నుంచీ పిల్లను నోరారా పలకరించిందే లేదు. పింఛను రాకపోతే పిల్లను అక్క ఇంట్లో వదిలి తను ఏ పనికో పోవాలి... కన్న కూతురిని విడిచి ఎలా బతకడం!

అంతలో కంపెనీ ఉద్యోగిని విచారణకు రానే వచ్చింది. కుర్చీలో కూర్చుని, పిల్లను దగ్గరకు పిలిచింది.

“పాపా, ఆయన్ని ఏమని పిలిచేదానివి?”

“డ్రైవరూ అని.”

కోడలి ప్రాణం ఉసూరుమంది. ‘నాన్నా అని చెప్పవే తల్లీ’ అని నిన్నంతా నూరిపోసింది కదా!

“మరి ఆయన నిన్ను?”

“కండక్టరమ్మా అనేవాడు. పొద్దున్నే బూట్లేసుకుని గడప దగ్గర నిలబడేవాడు. నేను రైట్ అంటేనే కదిలేవాడు. ఓసారి నాకు జ్వరమొచ్చి పడుకుంటే, లేచేదాకా అలాగే నిలబడ్డాడు. డిపోలో తిట్లు కూడా తిన్నాడు!”

అత్తగారు తల తిప్పింది. పరాయి పిల్ల కోసం ఉద్యోగం పోగొట్టుకుంటావురా అని ఆరోజు అరిచింది ఆవిడే. “రైట్ చెప్పందే బండి ఎలా కదులుతుందమ్మా?” అని నవ్వాడు వాడు.

“ఇప్పుడాయన లేరు కదమ్మా...” అంది ఉద్యోగిని మెల్లగా.

ఇంత పెద్దావిడకి ఈ మాత్రం తెలియదా అన్నట్టు చూసింది పిల్ల.

“ఉన్నాడు. ఆరోజు అందరూ మోసుకెళ్ళారు గానీ, నేను రైట్ అనలేదుగా! అందుకే ఉండిపోయాడు... అదిగో, అక్కడ.”

గడప మీద ఎండ పడుతోంది. ఆయన బూట్లు ఇంకా పక్కనే ఉన్నాయి.

అత్తగారి ఒళ్ళోంచి చొక్కా జారిపోయింది. “రాసుకో అమ్మా... ఇది నా కొడుకు కూతురు! నా మనవరాలు! ఎక్కడ వేలిముద్ర వెయ్యమంటే అక్కడ వేస్తాను!” అంటూ పిల్లను గుండెకు హత్తుకుని భోరుమంది.

“అత్తయ్యా...” అంటూ కోడలు ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడింది.

“ఊరుకోవే పిచ్చిదానా... ఇన్నాళ్ళూ నా కళ్ళకే పొరలు కమ్మాయి!”

పిల్ల చిన్నారి చేతులతో ఆవిడ చెంపలు తుడిచింది. “నాయనమ్మా, పాపం డ్రైవరుకి కాళ్ళు నొప్పెడతాయేమో... రైట్ చెప్పెయ్యనా?”

ఆవిడ గడపకేసి చూసింది. పిల్ల పెదాల మీద మెల్లగా చెయ్యి ఆనించింది.

“ఇప్పుడే వద్దే బంగారం... ఇంకొక్క పూట ఉండనీ.”