ముప్పై మీటర్ల జెనీవా

జెనీవాలో ట్రామ్ కింద పడి ఏజెంట్ అశోక్ చనిపోయాడన్న సంగతి పెంచలకృష్ణకు అల్లూరు దగ్గర రొయ్యల గుంటల మధ్య ఉన్న ఒక రేకుల షెడ్డులో తెలిసింది.

చెప్పినవాడు నరేంద్రబాబు. తీర నిఘా విభాగానికి చీఫ్. రహస్యం మాట్లాడాలంటే ఆయనకు ఆ షెడ్డే ఇష్టం. చుట్టూ గుంటల్లో ఏరేటర్లు నీళ్ళను చిలుకుతూ హోరెత్తిస్తుంటే ఏ మైక్రోఫోనూ మాటను పట్టుకోలేదని ఆయన నమ్మకం.

"పడలా. తోసినారు" అన్నాడు నరేంద్రబాబు. "ఎవరు తోసినారో కెమెరాకు దొరకలా."

"అశోక్ ఎవరి వెనక పోయినాడు సార్?"

"పద్మనాభయ్య. వెంకటాచలం ఊరి మనిషి. మన కోస్టల్ రాడార్‌కు మాస్టర్ పాస్‌వర్డ్ రాసిన ఇంజనీరు. రిటైరైనాడు. ఇప్పుడు భార్య సాయిలక్ష్మితో యూరప్ టూర్‌లో ఉన్నాడు. నాయుడుపేట, గూడూరు వాళ్ళంతా కలిసి వెళ్ళిన గ్రూపు టూర్. ఆయన మీద ఒక విదేశీ రింగ్ కన్నేసింది."

"అమ్ముడుపోయినాడా?"

"అదే తేలాల. ఇక్కడ మన సముద్రంలో ఒక ఓడ కాచుకోని ఉంది. రాడార్ కాసేపు కళ్ళు మూసుకుంటే చాలు, స్పీడ్ బోట్లలో ఆయుధాలు మన ఒడ్డున దించేస్తారు. దారిలో ఎదురైన ఏ వేటపడవనూ సాక్ష్యానికి మిగల్చరు."

పెంచలకృష్ణ అన్న హజరత్తయ్య రోజూ పొద్దువాలే వేళకు ఆ నీళ్ళ మీదికే చేపల వేటకు పోతాడు. తమ్ముడు ఏదో ఎక్స్‌పోర్ట్ కంపెనీలో పనిచేస్తాడనే ఆయనకు తెలుసు.

నరేంద్రబాబు పాస్‌పోర్టు చేతిలో పెట్టాడు. "నీ పేరు కామాక్షయ్య. అల్లూరు రొయ్యల రైతువి. వీసా ఆలస్యమై గ్రూపును జెనీవాలో కలుస్తావు. అక్కడి గైడ్ దుర్గ మన మనిషి. రింగులో చేరి మనకు పనిచేస్తున్న డబల్ ఏజెంట్. చేపల పులుసు దొరుకుతుందా అని అడుగు. మామిడికాయ దొరకదు అంటే ఆమే. మీసం పెంచు. కాస్త పొట్ట కూడా కనపడాల."

"పొట్ట ఉండాది సార్."

"మంచిది. ప్రభుత్వానికి ఖర్చు తగ్గింది."

* * *

దుర్గ అందగత్తె. తెల్లటి కోటు, మెడకు ఎర్ర స్కార్ఫు, ఆ స్కార్ఫు మీదుగా వేలాడే చిన్న మైకు ట్రాన్స్‌మిటర్. తల్లిది తమిళనాడు సరిహద్దులోని తడ అట. అందుకే ఆమె తెలుగులో అక్కడక్కడా అరవం తొంగిచూస్తుంది. హోటల్ ముందు టూర్ బస్సు ఎక్కుతున్న ఒక్కొక్కరికీ నవ్వుతూ చెవికి తగిలించుకునే ఇయర్‌పీస్ ఇస్తోంది.

"మేడమ్, ఈ ఊళ్ళో చేపల పులుసు దొరుకుద్దా?" అన్నాడు పెంచలకృష్ణ.

"దొరికినా మామిడికాయ దొరకదు కామాక్షయ్య గారూ." ఆమె తన చేత్తోనే ఇయర్‌పీస్ అతని చెవికి తగిలించింది. "ఫోన్ డ్రైవర్ దగ్గర పెట్టండి. ఇక్కడ జేబుదొంగలు జాస్తి."

మన మనిషే గదా అని ఇచ్చేశాడు. ఆ తప్పు ఎంతటిదో బస్సు తలుపు మూసుకున్నాక తెలిసింది. దుర్గ ముందు సీట్లో వీపు చూపిస్తూ కూర్చుంది. ఆమె గొంతు నెమ్మదిగా అతని చెవిలో పలికింది.

"పెంచలకృష్ణ గారూ, కదలకుండా వినండి. ఈ ఛానల్ మీకూ పద్మనాభయ్య గారికీ మాత్రమే. మీ చెవుల్లో ఉన్నదాంట్లో మిరియపు గింజంత పేలుడు మందు ఉంది. సాయిలక్ష్మి గారి చెవిలోనూ ఉంది, ఆవిడకు తెలియదు. తీస్తే పేలుతుంది. నా మెడలోని మైకుకు ముప్పై మీటర్లు దూరమైతే పేలుతుంది. దాని మీది ఎర్ర బొత్తాం నొక్కినా అంతే. మూడూ ఒకేసారి."

పెంచలకృష్ణ పక్క వరుసలోకి చూశాడు. పద్మనాభయ్య ముఖం పాలిపోయి ఉంది. ఈ మాటలు ఆయన ఇదివరకే విన్నట్టున్నాడు. సాయిలక్ష్మి మాత్రం కిటికీలోంచి హంసలను చూసి మురిసిపోతోంది.

"రాడార్ తాళం రోజుకొకసారి మారుతుంది. నెల్లూరులో పొద్దువాలే వేళ, అంటే ఇక్కడ మధ్యాహ్నం, ఒక్క నిమిషం. ఆ నిమిషంలో ఆయన పాస్‌వర్డ్, సర్వీసులో ఉన్న ఆఫీసర్ వేలిముద్ర, రెండూ కలవాలి. అశోక్ ఒప్పుకోలేదు. అందుకే ఇంకొకరిని పంపించమని మీ చీఫ్‌కు నేనే మెసేజ్ పెట్టాను. అంతవరకూ హాయిగా ఊరు చూడండి."

వెంటనే గొంతు మార్చి అందరికీ వినిపించేలా అందుకుంది. "లేడీస్ అండ్ జెంటిల్‌మెన్, కుడివైపు చూడండి. సరస్సు మధ్యలోంచి ఆకాశానికి చిమ్ముతున్న ఆ నీటిధారే ఈ ఊరికి గుర్తు!"

బస్సంతా చప్పట్లు. పెంచలకృష్ణ కూడా కొట్టాడు. కొట్టక ఏం చేస్తాడు?

* * *

పూలగడియారం దగ్గర దించారు. ఒడ్డు గాలి చల్లగా తగిలింది. ఎదురుగా నీలంగా, అద్దంలా సరస్సు. అవతల మంచుకొండలు. ఎంత విశాలమైన ఊరు! అతనికి మాత్రం ఆ ఊరు ముప్పై మీటర్లే. దుర్గ నడిస్తే నడవాలి, ఆగితే ఆగాలి. మెడకు తాడు లేదన్న మాటే గాని మేకపిల్లకూ అతనికీ తేడా లేదు.

"ఏందబ్బయ్యా ఇది, గడియారానికి పూలా?" పక్కన నిలబడ్డ మాలకొండమ్మ అడిగింది. నాయుడుపేట దగ్గర వరి పండించే రైతు. యాభై దాటిన మనిషి. కాళ్ళకు బూట్లు, చీర మీద స్వెటర్. బస్సు మొత్తానికి వినపడే గొంతు. "మా ఊళ్ళో అయితే మేకలు ఒక్క పూటలో మేసిపోతాయి. ఫోటో తియ్యి నాయనా."

అతను ఆమె ఇచ్చిన కెమెరాతో ఫోటో తీశాడు. బస్సు డ్రైవర్ రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని చెట్టు కింద నిలబడి వాళ్ళనే చూస్తున్నాడు. కుడి జేబు తుపాకీ ఉన్నట్టు బరువుగా ఉంది. పోలీసు కారొకటి పక్కనుంచే మెల్లగా వెళ్ళిపోయింది. పెంచలకృష్ణ పెదవి కూడా కదపలేదు. ఒక్క కేక చాలు. ఆ కేకతోపాటు మూడు తలలు పోతాయి.

అక్కడినుంచి పాత ఊళ్ళో కొండ మీది చర్చికి నడక. రాళ్ళు పరిచిన ఇరుకు వీధులు, గుండె అదిరే ఎత్తు. దుర్గ ముందు నడుస్తూ ఎప్పటివో కోటగోడల కథలు చెబుతోంది. సగం దూరంలో పద్మనాభయ్య ఆగిపోయాడు. గోడ పట్టుకుని, నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నాడు.

గ్రూపు మలుపు తిరుగుతోంది. హద్దు దగ్గరపడుతోందని హెచ్చరిస్తూ పెంచలకృష్ణ చెవిలో కీచుమని సన్నటి చప్పుడు మొదలైంది. వెనక్కి చూశాడు. వృద్ధుడి కళ్ళు పెద్దవయ్యాయి. ఆయనకూ వినిపిస్తోంది.

"చెవిలో ఏదో గోలగా ఉండాదే" అంటూ సాయిలక్ష్మి తన ఇయర్‌పీస్ మీదికి చెయ్యి పోనిచ్చింది.

"తీయబాక!" పద్మనాభయ్య అరిచాడు. ఆమె చెయ్యి గట్టిగా పట్టేసుకున్నాడు. ఆయన ఎన్నడూ ఆమె మీద గొంతు లేపినవాడు కాడు. ఆమె బిత్తరపోయింది.

పెంచలకృష్ణ పరిగెత్తుకొచ్చి ఆయన్ని అమాంతం వీపు మీద వేసుకున్నాడు. "అమ్మా, నా చొక్కా పట్టుకోండి. తొందరగా రండి."

"ఏంది నాయనా ఈ పరుగు? ఆయన్ని కాసేపు కూర్చోనియ్యి! చర్చి యాడికి పోతుంది?"

అతను ఆగలేదు. కీచు శబ్దం చెవిలో సూదిలా గుచ్చుతోంది. మలుపు తిరిగాడు. దుర్గ మెట్ల మీద నిలబడి చేతులు కట్టుకుని చూస్తోంది. ఆమెకు ఇరవై మీటర్ల దూరానికి చేరాక శబ్దం ఆగింది. మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

గ్రూపు మళ్ళీ చప్పట్లు కొట్టింది. "పెద్దాయన్ని ఎట్టా మోసుకొచ్చినాడో చూడండబ్బా! కడుపున పుట్టినోళ్ళు కూడా మొయ్యరు" అంది మాలకొండమ్మ.

వీపు మీదినుంచి దిగుతూ పద్మనాభయ్య అతని చెవిలో గొణిగాడు. "నేను పాస్‌వర్డ్ ఇచ్చేస్తాను నాయనా. నన్ను ద్రోహి అనుకో, ఏమన్నా అనుకో. ఆమెకు ఏమీ తెలీదు."

పెంచలకృష్ణ తన వేలి వైపు చూసుకున్నాడు. ఈయన భార్య ఇక్కడ, తన అన్న అక్కడ. ఎవరిని వదులుకోవాలో తన వేలు చెప్పాలి.

* * *

చివరి ఐటమ్ స్టీమర్ ప్రయాణం. పెద్ద చక్రాలు నీటిని కొడుతుంటే పాతకాలపు ఓడ ఒడ్డు వదిలింది. డ్రైవర్ రేవులోనే ఉండిపోయాడు. చుట్టూ నీళ్ళు. ఇక పరిగెత్తడానికి కూడా చోటు లేదు.

దుర్గ వాళ్ళ బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. చేతిలో ట్యాబ్లెట్. "టూర్ ఎలా ఉందో ఫీడ్‌బ్యాక్ ఇవ్వండి సార్" అంది, సాయిలక్ష్మికి వినపడేలా. పద్మనాభయ్య పాస్‌వర్డ్ కొట్టాడు. తెర మీద నల్లటి గడి తెరుచుకుంది. వేలిముద్ర కోసం అడుగుతోంది. పక్కన సెకన్లు తగ్గుతున్నాయి. యాభై తొమ్మిది. యాభై ఎనిమిది.

"అక్కడ బోట్లు బయల్దేరాయి" అంది దుర్గ మెల్లగా. ఆమె వేలు ఎర్ర బొత్తాం మీద ఉంది.

"మీ అమ్మది కూడా ఆ తీరమే గదా?" అన్నాడు పెంచలకృష్ణ.

"అమ్మది. నాది కాదు. మీవాళ్ళకు నేను ఒక కోడ్ నేమ్, వీళ్ళకు ఇంకో కోడ్ నేమ్. నా ఊరు ఏదని ఎవరూ అడగలేదు. వేలు పెట్టండి."

నలభై. ఆమె బొత్తాం నొక్కితే ఆమెకూ ప్రమాదమే, ఇంత దగ్గరలో. కానీ ఆ కళ్ళు చూస్తే నొక్కుతుందనే అనిపించింది. ట్రాన్స్‌మిటర్ లాక్కుందామంటే అతని చెయ్యి లేచేలోపు ఆమె వేలు పడుతుంది. ఆమె చూపంతా అతని చేతుల మీదే ఉంది. వేరేవాళ్ళ చేతుల మీద లేదు.

పెంచలకృష్ణ కుర్చీలోంచి లేవకుండానే గొంతెత్తి నవ్వాడు. "మాలకొండమ్మక్కా! పొద్దుటినుంచీ ఈ అమ్మాయి ఒక్కతే మైకులో మాట్లాడతా ఉంది. ఒక నాట్ల పాట నువ్వు అందుకోకూడదా?"

"అట్టా అడుగు అబ్బయ్యా!"

డెక్ అంతా హోరెత్తింది. "పాట! పాట!" ఇరవైమంది ఒక్కసారిగా బల్ల చుట్టూ మూగారు. దుర్గ బొత్తాం వదిలి, చేతులు అడ్డం పెడుతూ కంగారుగా లేచింది. "వద్దండీ, ఇది కంపెనీ మైకు..."

"ఏం, మేం తినేస్తామా? ఇట్టా ఇయ్యి తల్లీ" అంటూ మాలకొండమ్మ వెనకనుంచి వచ్చి, పూలదండ తీసినంత సులువుగా మైకు తాడు ఆమె తల మీదుగా తీసేసింది. జారిపోతున్న ట్రాన్స్‌మిటర్ మీదికి దుర్గ వేలు దూసుకెళ్ళింది. వెంట్రుకవాసిలో పెంచలకృష్ణ ఆ మణికట్టును ఒడిసిపట్టి బల్లకేసి అదిమాడు. రెండో చెయ్యి పద్మనాభయ్య పట్టుకున్నాడు. రెండు చేతులతో, బలమంతా పెట్టి.

పది. తొమ్మిది.

మాలకొండమ్మ మైకు నోటి దగ్గర పెట్టుకుని ఊదింది. తర్వాత బొటనవేలు ఎర్ర బొత్తాం మీదికి పోయింది. "ఇదేనా సౌండు పెంచేది?"

"అక్కా! ముట్టుకోబాక!"

ఆ కేకకు స్టీమర్ చక్రాలు కూడా ఆగాయేమో అనిపించింది. మాలకొండమ్మ వేలు గాల్లో నిలిచింది.

"ఎందుకబ్బయ్యా అంత అరుపు? పాడమన్నోడివి నువ్వే గదా?"

"పాడక్కా. ఆ బొత్తాం మీద మాత్రం చెయ్యి వెయ్యబాక. మా పక్కనే నిలబడి పాడు. నువ్వు ఎంతసేపు పాడితే అంత మంచిది."

మూడు. రెండు. ఒకటి. ట్యాబ్లెట్ తెర తెల్లబడింది. గడి మూసుకుపోయింది.

మాలకొండమ్మ గొంతు సరస్సు మీదికి సాగింది. పక్క పడవలోని తెల్లవాళ్ళు లేచి నిలబడి ఫోన్లు తీశారు. దుర్గ ఇక పెనుగులాడలేదు. కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని వింది. "మా అమ్మమ్మ పాడేది ఇది" అంది ఒకసారి. ఆ తర్వాత ఎవరు ఏం అడిగినా నోరు విప్పలేదు.

పెంచలకృష్ణ చెప్పింది విని కెప్టెన్ రేడియోలో పోలీసులతో మాట్లాడాడు. స్టీమర్ రేవుకు చేరకముందే పోలీసులు డ్రైవర్‌కు బేడీలు వేశారు. బాంబు నిపుణులు పడవలో వచ్చి, మూడు చెవుల్లోంచీ మూడు ఇయర్‌పీసులు తీసి ఇనుప డబ్బాలో పెట్టేదాకా మాలకొండమ్మ ఆ ముగ్గురి పక్కనుంచి కదల్లేదు. సంగతంతా విన్న సాయిలక్ష్మి భర్త చెవి తడిమి చూసింది. "కొండ మీద నన్ను అరిచింది అందుకా?" అని అడిగింది. ఆయన తలూపాడు. "చెప్తే నేనూ గట్టిగా పట్టుకోని ఉండేదాన్ని గదా" అంది, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

* * *

డ్రైవర్ జేబులో దొరికిన తన ఫోన్ తీసుకుని పెంచలకృష్ణ చీఫ్‌తో మాట్లాడాడు.

"రాడార్‌లో రెండు బోట్లూ తేటగా కనపడినాయి" అన్నాడు నరేంద్రబాబు. "కోస్ట్‌గార్డ్ చుట్టుముట్టింది. ఓడ కూడా దొరికింది. మీ అన్న పడవ క్షేమం. వల దులుపుకోని ఇంటికి పోయినాడు. ఏం జరిగిందో ఆయనకు తెలీదు."

పెంచలకృష్ణ రేవు రెయిలింగ్ మీదికి వాలాడు. "దుర్గను నమ్మింది మనమే సార్."

"నేనే" అన్నాడు నరేంద్రబాబు. "అశోక్ వాళ్ళ ఇంటికి రేపు నేనే పోతా."

"సార్, రాత్రి ఫ్లైట్‌కు వచ్చేస్తా."

"కుదరదు. రింగులో మిగిలినోళ్ళు గమనిస్తా ఉంటారు. నువ్వు ఆఫీసర్‌వని వాళ్ళలో తెలిసింది పట్టుబడిన ఆ ఇద్దరికే. మధ్యలో మాయమైతే కవర్ పోతుంది. గ్రూపుతోనే ఉండు. ఇంకా మూడు దేశాలుండాయి గదా."

"మూడు దేశాలా?"

లైన్ కట్ అయింది. కొత్త గైడ్ బస్సు దగ్గర నిలబడి చెయ్యి ఊపుతోంది. పెంచలకృష్ణ బరువుగా మెట్లెక్కి కిటికీ పక్కన కూలబడ్డాడు. వెనకనుంచి ఒక చెయ్యి భుజం తట్టింది.

"జరుగు అబ్బయ్యా" అంది మాలకొండమ్మ. "నీ దేశాన్ని కాపాడుకుంటే కాపాడుకో. కిటికీ సీటు మాత్రం నాది."